పెదాల టీచర్ మాస్కు తీసిన రోజు

వినికిడి లేని పిల్లల బడిలో ఆమెను అందరూ పెదాల టీచర్ అనేవారు. ఎదుటివాళ్ల పెదాల కదలికను చూసి మాట పట్టుకోవడం ఆమె నేర్పే విద్య. అలాంటి మనిషి ముఖానికి మాస్కు తగిలించుకుని క్లాసుకు వెళ్లిందంటే, వంటమనిషి పొయ్యి వెలిగించనని భీష్మించుకు కూర్చున్నట్టే.

కారణం మొటిమలు. ఒకటీ అరా కాదు, బుగ్గల నిండా, గడ్డం నిండా, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. ఇంట్లో ఉచిత సలహాలకేం లోటు లేదు. పిన్ని పూయమన్నదల్లా పూసింది, అన్నయ్య తినొద్దన్నదల్లా మానేసింది. ఉన్నవి తగ్గకపోగా కొత్తవి వచ్చాయి. పిల్లలకు ముఖం చూపించలేక, చెప్పాల్సిందంతా బోర్డు మీద రాయడం మొదలుపెట్టింది. వాళ్లు బుద్ధిగా రాసుకుంటూ, పెదాలు చదవడం మరిచిపోసాగారు.

హెడ్‌మిస్ట్రెస్ నెల రోజులు ఓపిక పట్టింది. టర్ము ముగిసేలోగా మాస్కు తీయకపోతే ఆఫీసు పనికి మార్చేస్తానంది. కోపంగా అన్నా బాగుండేది, జాలిగా అంది. టీచర్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లింది.

డాక్టరమ్మ రెండు మందులు రాసింది. రోజూ మింగడానికి యాంటీబయాటిక్ మాత్ర, రాత్రిపూట రాసుకోవడానికి రెటినాయిడ్ క్రీము. మాత్ర సూక్ష్మక్రిములనూ వాపునూ అణిస్తే, క్రీము మూసుకుపోయిన చర్మరంధ్రాలను తెరుస్తుందట. ఏ ఒక్కటి వాడినా సగం పనేనట.

"మాత్ర మూడు నెలలే, క్రీము ఆ తర్వాత కూడా. బఠానీ గింజంత తీసుకుని ముఖమంతా పల్చగా రాయి. మొదట్లో ఇంకా ఎక్కువ కావచ్చు. భయపడి మానెయ్యకమ్మా," అంది.

మన టీచర్‌కు అంత ఓపికెక్కడిది? ఒక్కో మాట పిల్లల చేత వందసార్లు పలికించే మనిషే, రెండింతలు పూస్తే సగం రోజుల్లో తగ్గుతుందని లెక్కేసింది. మూడో వారానికి తోలు పొట్టు రేగింది, మొటిమలు ఎర్రబడ్డాయి. రెండు మందులూ చెత్తబుట్టలో పడేద్దామనుకుంటూనే బడికి వెళ్లింది.

ఆ రోజు చివరి బెంచీ పిల్ల దగ్గరికొచ్చి చేతులతో చెప్పింది. "నిన్న నాన్న ఏదో అడిగాడు. నాకు అర్థం కాలేదు. మళ్లీ అడగలేదు."

టీచర్‌కు గుండె కలుక్కుమంది. తన ముఖం దాచుకోవడానికి ఆ పిల్లకు తండ్రి మాట లేకుండా చేశానని సిగ్గుపడింది. మాస్కు లాగేసింది. క్లాసంతా గుడ్లప్పగించి చూసింది. నొప్పిగా ఉందా అని ఒక పిల్ల సైగ చేసింది. టీచర్ పెదాలు బాగా కదిలిస్తూ, "చాలా నొప్పి," అంది. అందరికీ అర్థమైంది. నెల తర్వాత వాళ్లు ఆమె పెదాల మీద చదివిన మొదటి మాట అదే. ఆ గంటంతా బోర్డు ముట్టుకోలేదు.

ఆ రాత్రి నుంచి క్రీము బఠానీ గింజంతే. రెండో నెలలో వాపు తగ్గింది. మూడో నెల దాటాక డాక్టరమ్మ మాత్ర ఆపేసి, క్రీము మాత్రం కొనసాగించమంది. మచ్చలు అక్కడక్కడా మిగిలాయి గానీ చెయ్యి వేస్తే బుగ్గ నున్నగా తగిలింది.

టర్ము చివరి రోజున టీచర్ అటు తిరిగి బోర్డు తుడుస్తోంది. హెడ్‌మిస్ట్రెస్ చప్పుడు చేయకుండా తలుపు దగ్గర నిలబడి, గొంతు విప్పకుండా వట్టి పెదాలతో పిల్లల్ని అడిగింది.

"మీ టీచర్ని ఆఫీసుకు పంపించెయ్యనా?"

ఉలిక్కిపడి వెనక్కి తిరిగిన టీచర్‌కు ఆ ప్రశ్న తెలియదు. పద్నాలుగు గొంతులు పద్నాలుగు రకాలుగా అరిచిన "వద్దు" మాత్రం వినిపించింది.