రెండు బొత్తాల టేప్ రికార్డర్

ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తాగా ఉన్న రోజుల్లో, ఎనభైల మొదట్లో, టేప్ రికార్డర్ కొన్నాను. రేడియో రిపేరు పుస్తకం సగం చదివినవాణ్ణి కాబట్టి యంత్రాల గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదని గట్టి నమ్మకం. దాన్ని అమ్మినాయన మైకుసెట్లు అద్దెకిచ్చే ముస్లిం పెద్దాయన. బజారంతా ఆయన్ను ఉస్తాద్ అనేది.

"అన్నా, పాట ఎక్కియ్యల్లంటే ఈ ఎర్ర బొత్తామూ, పక్కనుండే దీన్నీ..." అని ఆయన మొదలుపెట్టాడు.

"తెలుసులే ఉస్తాద్" అని పెట్టె చంకన పెట్టుకుని బస్సెక్కాను.

ఎమ్మిగనూరులో మా పెద్దమ్మ ఉండేది. మగ్గానికి రాట్నం మీద నూలు కండెలు చుడుతూ పాడేది. తనకెన్ని పాటలొచ్చో ఆమెకే తెలియదు. అవన్నీ నా చేతుల మీదుగా భద్రం కావాలని నా ఉబలాటం. కొత్త క్యాసెట్ వేసి, మైకు ఆమె ముందు పెట్టి, బొత్తాం నొక్కాను. చక్రాలు తిరిగాయి. ఆమె మధ్యాహ్నమంతా పాడింది. నేను పెద్ద ఇంజనీరులాగా తల ఊపుతూ కూర్చున్నాను.

తర్వాత వినిపించబోతే బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు.

మరునాడు ఆదోనిలో ఉస్తాద్ మీద ఎగిరాను. "చెడిపోయిన మిషన్ అంటగడతావా?"

ఆయన కోప్పడలేదు. రెండు బొత్తాలూ కలిపి నొక్కి, మైకులో మెల్లగా, "అన్నకు అంతా తెలుసు" అన్నాడు. వెనక్కి తిప్పి వినిపించాడు. నా పెట్టె, ఆయన గొంతుతో, "అన్నకు అంతా తెలుసు" అంది. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను, వేరే దారి లేక.

తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లాను. ఈసారి రెండూ నొక్కాను. పెద్దమ్మ పాడింది. ఆమె వింటానంటే గర్వంగా వినిపించాను. పెట్టెలోంచి ముందు మగ గొంతు వచ్చింది.

"కొంచెం గట్టిగా పెద్దమ్మా... ఆగు ఆగు, రాట్నం చప్పుడొస్తాంది... మైకు దగ్గరికి జరుగు... ఇప్పుడు పాడు... అంత దగ్గర కాదు..."

మధ్యమధ్యలో ఆమె పాట ముక్కలు వినబడుతున్నాయి.

"ఎవరప్పా వాడు, నన్ను పాడనియ్యకుండా మొత్తుకుంటాండాడు?" అంది పెద్దమ్మ.

"నేనే."

"పొద్దన్నుంచి ఇంత వాగినావా?" అని కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఆ రెండూ నొక్కి నువ్వు బయటికి పో. మైకు కాడ నువ్వు అవసరం ల్యా, దాన్ని ఈడనే పెట్టిపో" అంది.

"నేను లేకపోతే ఎట్ల పెద్దమ్మా, ఆ వైరు..."

"పోరా."

మైకు ఆమె పక్కన నేల మీద పెట్టి, బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. లోపల రాట్నం తిరగడం మొదలైంది. దానితో పాటే పాట. నేను ఎన్నడూ వినని పాట, ఒకదాని తర్వాత ఒకటి.

అరగంట తర్వాత లోపల టక్కున చప్పుడైంది. క్యాసెట్ ఒక పక్క అయిపోయి బొత్తాలు పైకి లేచాయని అర్థమైంది. లోపలికి పోయి తిరగేసి పెట్టాలి. కానీ ఆమె పాట ఆపలేదు. నేనూ లేవలేదు.