జిల్ట్ బ్యాండు రెండో రికార్డు

మారీనస్‌కు రోత పుట్టించేవి చాలానే ఉన్నాయి. చర్చిలో కీర్తనలు పాడే తీరు వాటిలో ఒకటి. ఆ డచ్ దీవిలో ఒక్కో అక్షరాన్నీ ఊపిరి ఆగిపోయేదాకా సాగదీస్తారు. ఆర్గన్ మీద ఒక మెట్టు నొక్కి పక్క మెట్టుకు వేలు జరిపేలోపు ఒక కునుకు తీయొచ్చు. నలభై ఏళ్లకు పైగా ప్రతి ఆదివారం ఆ ఆర్గన్ వాయించేది మాత్రం అతనే, లోలోపల తిట్టుకుంటూ. మానెయ్యొచ్చు కదా అంటే, దీవి మొత్తం మీద అంత మంచి ఆర్గన్ ఇంకోటి లేదంటాడు.

మిగతా రోజుల్లో ఉల్లి గిడ్డంగిలో యంత్రాలు బాగుచేసేవాడు. అక్కడే రిటైరయ్యాడు. ఆ వాసన అతని చర్మంలోకి ఇంకిపోయిందని భార్య యాకొమీనా బతికున్నన్నాళ్లూ ముక్కు మూసుకునేది. ఆ వాసన మీద అతనికి అసహ్యమేమీ లేదు. అసహ్యమంతా మనుషుల మీద. పాటలో బాగా వాయించిన చోటే కబుర్లు మొదలుపెట్టే జనం, ఉత్తరాలు తప్ప చెవులు లేని రికార్డు కంపెనీలు, అందరికంటే ముందు కొర్నేలిస్.

డెబ్బయ్యో దశకంలో, హాగ్ నగరపు బ్యాండ్లు అమెరికా దాకా వెళ్లొస్తున్న రోజుల్లో, ఈ దీవిలో కూడా నలుగురు కుర్రాళ్లు జుట్టు పెంచి ఒక బ్యాండు పెట్టారు. పేరు జిల్ట్, అంటే ఉప్పన. మాంసం కొట్టువాడి కొడుకు ఫ్లూటు, బడిపంతులు డ్రమ్ములు, పడవలకు రంగులేసే ఒకడు గిటారు, మారీనస్ ఆర్గను. పాటలు ఇంగ్లీషులోనే, కానీ దీవి యాసలో. మొదటి రికార్డు ఐదువందలు అచ్చయితే మూడొందలు మాంసం కొట్టు అటక మీదే ఉండిపోయాయి.

రెండో దానికోసం మారీనస్ ఇరవైరెండు నిమిషాల పాట కట్టాడు. పేరు యాన్నా. యాభైమూడు వరదలో సముద్రపు కట్ట తెగిన రాత్రి పోయిన అక్క పేరది. అప్పటికి అతనికి మూడేళ్లు. అక్క మొహం గుర్తులేదు, అటక మీదికి తనను ఎత్తి అందించిన చేతులు మాత్రం గుర్తున్నాయి. ఆ చేతుల కోసం కట్టిన పాట. డెబ్బయ్యారు ఎండాకాలంలో, కొత్త పంట ఇంకా రాక ఉల్లి గిడ్డంగి ఖాళీగా ఉన్నప్పుడు, రేడియోలు బాగుచేసే కొర్నేలిస్ తన యంత్రం తెచ్చి టేపు చేసిపెట్టాడు. ఉన్నది ఆ ఒక్క టేపే. దాన్ని పట్టుకెళ్లి వినిపిస్తే కంపెనీవాళ్లు ఉత్తరంతో సహా తిప్పి పంపారు. ఇంత పొడుగు పాటలకు కాలం చెల్లిందనీ, కుర్రాళ్లకిప్పుడు మూడు నిమిషాల కేకలు కావాలనీ అందులో రాశారు.

కొర్నేలిస్‌కు ఇంకో పని ఉండేది. ప్రతి ఆదివారం ప్రసంగాన్ని టేపు మీద ఎక్కించి, మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు సైకిలు మీద తీసుకెళ్లి వినిపించేవాడు. తర్వాతి ఏడాది వసంతంలో ఒక ముసలమ్మ ఇంట్లో మారీనస్ ఆ టేపు పెట్టె చూశాడు. తమ పాటల పెట్టె. లోపల ప్రసంగం. ఆ ఆదివారమే చర్చి గుమ్మంలో అందరి ముందూ కొర్నేలిస్‌ను నిలదీశాడు.

"డ్రమ్ములు సైతానువని చెరిపేశావు కదూ? మా అక్కను రెండోసారి ముంచేశావురా."

కొర్నేలిస్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత నలభై రెండేళ్లు, ఇతను ఆర్గన్ ముందూ అతను చర్చి పెద్దల బల్ల మీదా, ప్రతి ఆదివారం ఒకే కప్పు కింద కూర్చున్నారు గానీ ఒక్క మాట లేదు. రెండేళ్ల కిందట కొర్నేలిస్ పోతే, అంత్యక్రియలకు ఆర్గన్ వాయించిందీ మారీనసే. వాయించి, కాఫీ తాగకుండా, ఇంటివాళ్లతో చెయ్యి కలపకుండా వెనక తలుపున పోయాడు.

ఇప్పుడు ఫ్లోరిస్ అనే గడ్డం కుర్రాడొకడు దిగాడు. అభిమానులు మరిచిపోయిన డచ్ బ్యాండ్ల జాబితా ఒకటి ఇంటర్నెట్‌లో నడుపుతాడు. నలభై బ్యాండ్లలో జిల్ట్‌ది మొదటి పేరు. మారీనస్ ఫోనులో చెప్పిందంతా అక్షరం పొల్లుపోకుండా రాసేశాడు, ఒక చర్చి పెద్ద కావాలని పాటలు చెరిపేశాడనీ, ఆ పెద్ద పేరు ఫలానా అనీ. దాన్ని కొర్నేలిస్ భార్య పీటర్‌నెల్లాకు ఆమె మనవరాలు చదివి వినిపించింది. వారం తిరక్కుండా పీటర్‌నెల్లా మారీనస్‌కూ ఫ్లోరిస్‌కూ కబురు పెట్టింది, మంగళవారం పదిన్నరకు కాఫీకి రమ్మని.

ఎనభై దాటిన మనిషి. కాఫీ పోసి, ఒక్కొక్కరికి ఒక్క బిస్కెట్టు ఇచ్చి, డబ్బా మూత పెట్టేసింది.

"మా ఆయన్ను దొంగను చేశావట అబ్బాయ్," అంది ఫ్లోరిస్‌తో. "చేతిరాత బాగుంటే చాలు, ఏదైనా రాసెయ్యొచ్చా?"

"చేత్తో రాయలేదండీ, అది..."

"ఏదో ఒకటి. టేపులన్నీ ఆ అల్మరాలో ఉన్నాయి. వెతుక్కోండి."

"ఇప్పుడు వెతికితే ఏముంటుంది, పీటర్‌నెల్లా," అన్నాడు మారీనస్. "ప్రసంగం ఉంటుంది. నీ మొగుడు చేసిన పుణ్యం."

"ఉన్నదేదో నువ్వే చూడు. నీ చేత్తోనే తియ్యి."

అల్మరా నిండా పెట్టెలు. ప్రతిదాని మీదా కొర్నేలిస్ గుండ్రటి రాతలో తారీకు, బోధకుడి పేరు, పాడిన కీర్తనల అంకెలు. మారీనస్ ఒక్కో తారీకే చూసుకుంటూ పోయాడు. డెబ్బయ్యేడు మార్చి ఆరు. తెలిసిన పెట్టే. మూలన జిల్ట్ అని తను గీసిన అల బొమ్మ ఇంకా ఉంది. తెరిచి టేపు తీసి ఫ్లోరిస్‌కిచ్చాడు. అడుగున నాలుగు మడతల కాగితం ఒకటి కనబడింది. విప్పాడు.

చేతిరాత తనది.

"కొర్నేలిస్, ఈ పాటలు ఎవరికీ అక్కర్లేదు. నాకూ వద్దు, తలుచుకుంటేనే రోతగా ఉంది. కానీ టేపు మంచిది, ఒక్కసారే వాడాం. పారేస్తే పాపం. రోగుల ప్రసంగాలకు వాడుకో. మారీనస్."

కంపెనీ ఉత్తరం వచ్చిన సాయంత్రం అది. బల్ల మీద టేపు, చేతిలో పెన్ను, పొయ్యి దగ్గర యాకొమీనా. టేపును పొయ్యిలో వేద్దామనుకున్నాడు. మంచి టేపును ఎలా కాలుస్తామని ఆమె అంటే, నిజమే కదా అనిపించింది. ఆ ఊళ్లో ఎండిపోయిన రొట్టెను కూడా పారెయ్యరు, పాలల్లో నానేసి తింటారు. ఇదంతా ఎప్పుడు మరిచిపోయాడో అతనికే తెలీదు. ఒకసారి కొర్నేలిస్ చేశాడని నోరు జారాక, మళ్లీ మళ్లీ చెప్పగా అదే నిజమైపోయింది.

కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వంటింట్లో ఫ్లోరిస్ పాత యంత్రానికి టేపు ఎక్కిస్తున్నాడు, వీపు ఇటువైపు ఉంది. టేపు తిరగడం మొదలైంది. ముందు దగ్గులు, తర్వాత ఆర్గన్, తర్వాత ఊరంతా కలిసి పాడే ఆ నత్త నడక కీర్తన. ఆర్గన్ వాయిస్తున్నది ఇరవయ్యేడేళ్ల మారీనసే.

"కాగితం జేబులో పెట్టుకున్నావు," అంది పీటర్‌నెల్లా, కప్పులు సర్దుతూ. "పెట్టుకో."

అతని చెయ్యి జేబు మీదికి పోయింది.

"ఇచ్చి ఆర్నెల్లయ్యేదాకా మా ఆయన ఆ టేపును ముట్టలేదు. నువ్వొచ్చి మళ్లీ అడుగుతావని. రెండుసార్లు మీ ఇంటికొచ్చాడు, నిజంగా వద్దా అని. వద్దనే చెప్పి తలుపేశావు. గుమ్మంలో తిట్టిన రోజున ఆ కాగితం పట్టుకెళ్లి మొహాన కొట్టమన్నాను. ఏమన్నాడో తెలుసా? వాడు చేసింది వాడికి తెలిస్తే బతకలేడు, నన్నే అనుకోనీ, నాకేం బరువు అన్నాడు. తెలివితక్కువ మనిషి."

మారీనస్ లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. ఇన్నేళ్లూ ఊళ్లో ప్రతివాడి మీదా ఉమ్మేసిన అసహ్యమంతా ఎవరి మీద ఉమ్మాలో ఆ కుర్చీలో అతనికి తెలిసింది.

కాగితం తీసి ఫ్లోరిస్ ముందు పెట్టాడు.

ఫ్లోరిస్ చదివి, "ఇది ఎవరు రాశారండీ?" అన్నాడు, సంతకం కనబడుతున్నా.

"నేనే. నీ జాబితాలో ఆయన పేరు తీసేసి నా పేరు పెట్టు. ఇవాళే."

"టేపు ఆపమంటారా?"

"వద్దు."

ప్రసంగం గంటకు పైనే సాగింది. పీటర్‌నెల్లా మధ్యలో లేచి బంగాళదుంపలు చెక్కుకుంది. ఫ్లోరిస్ గడియారం చూసుకున్నాడు. మారీనస్ తన చెవిని టేపు యంత్రానికి ఆనించి, ప్రతి దగ్గు కిందా, బోధకుడు ఊపిరి తీసుకునే ప్రతి సందులోనూ వెతుక్కుంటూ, టేపు చివర ఊడి టపటప కొట్టుకునేదాకా విన్నాడు. యాన్నా ఎక్కడా లేదు.