నాకంటే ముందు వెళ్లి చెప్పిందెవరు?

దయ్యాలూ భూతాలూ అంటే నేను ఏనాడూ నమ్మలేదు. ఇరవై రెండేళ్లకే నర్సునయ్యాను. బతికున్నవాళ్లతోనే నాకు తీరిక ఉండేది కాదు, ఇక చచ్చినవాళ్లతో ఏం పని? అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

అరవైల మొదట్లో ఆర్మూర్ పసుపు అంగడి వెనక ఒక చిన్న దవాఖాన ఉండేది. ఆ ఎండాకాలం ఆడవాళ్ల వార్డులో ఇద్దరు గంగవ్వలు చేరారు. కమ్మర్‌పల్లి గంగవ్వకు షుగరు, రోజూ ఇన్సులిన్ సూది. సిరికొండ గంగవ్వకు జ్వరం, వాంతులు.

ఆ మధ్యాహ్నమే నాకు ఆ వార్డులో డ్యూటీ పడింది. షుగరు గంగవ్వ చీటీలో మొగుడి పేరు రాజన్న అని ఉంది. సూది పట్టుకుని మొదటి మంచం మీది గంగవ్వను, "మీ ఆయన రాజన్ననా?" అని అడిగాను. మా దగ్గర ఆడవాళ్లు మొగుడి పేరు నోట పలకరు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అవుననుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. సూది వేశాక పక్క మంచం మీది గంగవ్వ తన సూది ఏదని అడిగింది.

నేను సూది వేసింది సిరికొండ గంగవ్వకు. షుగరు లేని మనిషికి ఇన్సులిన్ వేస్తే రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణమే పోవచ్చు. చక్కెర నీళ్లు తాగిస్తే మొత్తం కక్కేసింది. నరానికి గ్లూకోజు ఎక్కించాలి, అది డాక్టరుగారే చెయ్యాలి. ఆయన భోజనానికి ఇంటికి వెళ్లారు, అంగడి దారికి అవతలే.

పిలవడానికేం కష్టం అంటారా? అంతకుముందు ఏడాది నాతో పనిచేసిన నర్సు మందు మారిందని తానే చెప్పుకుంది. సాయంత్రానికి ఉద్యోగం పోయి ట్రంకుపెట్టెతో బస్టాండులో ఉంది. నా జీతం మీద అమ్మా, తమ్ముళ్లూ బతుకుతున్నారు. నేను చెప్పకపోతే జ్వరంతో పోయిందనుకుంటారు. ఆ ఆలోచన నాకు వచ్చింది, ఇప్పటికీ సిగ్గే.

చెమటలు కారుతూ గంగవ్వ నా చెయ్యి పట్టుకుంది. "సిస్టరమ్మా, కండ్లు తిరుగుతున్నయ్. నువ్వున్నవ్ గద, నాకేం ఫికర్."

నన్నే నమ్ముకుంది తల్లి. ఉద్యోగం పోతే పోయిందని లేచాను.

వార్డు మెట్లు దిగుతుండగానే డాక్టరుగారు పరుగున ఎదురొచ్చారు. చేతికి ఇంకా అన్నం మెతుకులు. "గ్లూకోజు తీసినవా? నువ్వే గద ఇప్పుడొచ్చి చెప్పిపోయినవ్, సిరికొండ గంగవ్వకు ఇన్సులిన్ ఏసిన్నని. జల్ది నడువ్."

నేను వార్డు దాటనే లేదు. కానీ అది అడిగే సమయమా? గ్లూకోజు ఎక్కించాం. కొంతసేపటికి గంగవ్వ కళ్లు తెరిచి నీళ్లు అడిగింది. నేను భోరున ఏడ్చేశాను.

తర్వాత చెప్పాను. "సార్, నేను మీ ఇంటికి రాలే. సూది ఏసింది మాత్రం నేనే."

సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లి చూశాను. పసుపు పొడి తొక్కిన పాదాల గుర్తులు మెట్ల మీంచి గడప దాకా ఉన్నాయి. తిరిగి వెళ్లిన అడుగు ఒక్కటీ లేదు. బూటు విప్పి పాదం ఆనిస్తే సరిగ్గా నా కొలతే. వచ్చింది నువ్వేనని డాక్టరుగారి భార్య అంది. కమ్మర్‌పల్లి గంగవ్వేమో నేను మంచం పక్కనుంచి కదలనే లేదని ఒట్టేసింది.

నన్ను పంపించెయ్యాలని కొందరన్నారు. డాక్టరుగారు ఒకటే మాటన్నారు, "చెప్పిన మనిషిని పంపిస్తే రేపు ఎవరు చెప్తరు?" నా ఉద్యోగం నిలిచింది. ట్రంకుపెట్టెతో పోయినామెకు కూడా కబురు పెట్టించారు, తిరిగి వచ్చింది.

ఇంటికి వెళ్లే రోజు సిరికొండ గంగవ్వ వార్డు మధ్యలో నిలబడి, నోటికి కొంగు అడ్డం లేకుండా, "నా మొగడు పోశెట్టి, అందరు వినుండ్రి!" అని అరిచింది. పోశెట్టి సిగ్గుతో మూట పట్టుకుని బయటికి ఉరికాడు. వార్డంతా పడీపడీ నవ్వింది.

ఆ రోజు డాక్టరుగారి గడప దాకా వెళ్లిందెవరో ఇన్నేళ్లయినా నాకు అంతుచిక్కలేదు. ఎవరైతేనేం, నాకంటే ధైర్యవంతురాలు. కాస్త ఆలస్యంగానైనా ఆమె వెనకే నేనూ కదిలాను.