ఇనుపదారి పక్క చేను

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరులో ఆఫీసుకు రోజూ పాసింజర్లో వెళ్ళివచ్చేదాన్ని. ఆ ఊగుడులో, నిద్రకూ మెలకువకూ మధ్య, ఫోన్లో ఎస్పరాంతో నేర్చుకునేదాన్ని. ఏ దేశానిదీ కాకుండా, అందరికీ అందేలా ఒకాయన కూర్చిన భాష. ఎవరితో మాట్లాడతావని మా ఆయన ఎగతాళి. ఎవరితోనూ కాదు, అందుకే హాయి.

అందులో రైలుదారిని ఫెర్వోయో అంటారు. ఫెర్ అంటే ఇనుము, వోయో అంటే దారి. ఫ్రెంచివాళ్ళూ జర్మన్లూ ముందునుంచీ ఇనుపదారి అనే అంటున్నారట. ఈ భాష ఆ ఊహనే తెచ్చుకుని రెండు చిన్న మాటలు అతికించుకుంది. అది చదువుతుండగానే భీమడోలు దగ్గర కిటికీలోకి మా మామయ్యగారి వరిచేను వచ్చేది. పచ్చగా వచ్చి పచ్చగానే వెనక్కి పోయేది.

ఒక వేసవిలో మామయ్యగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ వేసవిలోనే మా ఆయన చేనుని చేపల చెరువుకు ఇచ్చేశారు. చేసేవాళ్ళెవరన్నారు. నిజమే. కానీ మామయ్యగారికి చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. నా కిటికీలో చేను ఉన్నచోట ఇప్పుడు ఆకాశం కనిపించేది.

మెల్లగా చిన్న చిన్న మాటలు తిరిగొచ్చాయి. ఒక సాయంత్రం మామయ్యగారు, "ఇనుము... దారి," అన్నారు. మా ఆయన గునపం తెచ్చి చూపించారు, వీధి గేటు తీసి చూపించారు. మామయ్యగారు విసిగి కళ్ళు మూసుకున్నారు. నాకు తెలిసిపోయింది. తెలియకపోతే బాగుండుననిపించింది.

"రైలు పట్టాల పక్క చేనికాండీ, మామయ్యగారూ?"

తల ఊపారు. మొహం వెలిగిపోయింది.

వంటింట్లో మా ఆయన, "చూస్తే తట్టుకోలేరే," అన్నారు.

"ఎన్నాళ్ళని దాస్తామండీ?" అన్నాను. నా గొంతు కాస్త లేచింది.

మర్నాడు కారులో తీసుకెళ్ళాం. గట్టెక్కగానే మామయ్యగారు చెప్పులు విడిచారు. చేలోకి చెప్పులతో దిగి ఎరగరు. ఎదురుగా నీళ్ళు, నీళ్ళలో మబ్బులు, కొల్లేరు వైపునుంచి వచ్చిన కొంగలు. రైలొకటి ఆ నీళ్ళలో తలకిందులుగా వెళ్ళిపోయింది. ఆయన చాలాసేపు చూశారు.

"నీళ్ళ... చేను," అన్నారు.

గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. మా ఆయన వంగి చెప్పులు తొడగబోతే మామయ్యగారు కాలు వెనక్కి తీసుకున్నారు. కారుదాకా వట్టికాళ్ళతోనే నడిచారు.