ఏడడుగుల ముఖ్య అతిథి

ఏడడుగుల ఒక అంగుళం మనిషిని పడగొట్టడానికి కండలు తిరిగిన ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి సాధన చేస్తారు. నాకు ఒక్క శనివారం మధ్యాహ్నం సరిపోయింది. అదీ ఒంటి మీద చెయ్యి వెయ్యకుండా. పైగా ఆ మనిషి పడకుండా చూసుకోవడానికే నాకు జీతమిచ్చేవారు. ఎలా పడగొట్టానో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి, నేను మాత్రం సగం దాకానే నవ్వగలను.

ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడి తెలుగు సంఘం వాళ్ళు నొచ్చుకుంటారు. ఏడాదికి ఐదు నెలలు ఇంటి ముందు మంచు తవ్వుకునే అమెరికా ఊరని మాత్రం అనుకోండి. విజయవాడలో ఫిజియోథెరపీ చదివి, ఇక్కడికొచ్చి మాస్టర్స్ చేసి, ఆ ఊరి చిన్న లీగ్ బాస్కెట్‌బాల్ జట్టులో అసిస్టెంట్ ట్రైనర్‌గా చేరాను. చిన్న లీగ్ అంటే పెద్ద జట్లకి పెరటి మడి. కొత్త కుర్రాళ్ళు అక్కడ పెరుగుతారు, దెబ్బ తిన్నవాళ్ళు అక్కడికే వచ్చి కోలుకుంటారు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు.

నా ఉద్యోగం మనవాళ్ళకి అంతుబట్టేది కాదు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఇదే వరస.

"ఏ కంపెనీ అమ్మా?"

"బాస్కెట్‌బాల్ టీమ్ అంకుల్."

"అంటే వాళ్ళ సాఫ్ట్‌వేర్ చూస్తావా?"

"కాదంకుల్. వాళ్ళ కాళ్ళు చూస్తాను."

ఆయన గరిటె కిందపెట్టి కాసేపు ఆలోచించేవారు. "పోన్లే. హెచ్‌వన్ వీసా అయితే చేస్తున్నారుగా."

ఆ 'పోన్లే' నాకు గొంతులో చేపముల్లులా అడ్డం పడింది. నేను చేసిన ఘనకార్యానికి అసలు కారణం అదే. మొహమాటం తరువాత వచ్చి చెయ్యి కలిపింది.

ఆ చలికాలం మా దగ్గరికి డెల్విన్ వచ్చాడు. ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు, బుట్ట కింద కాపలా కాసే పొడుగాటి ఆటగాడు. పెద్ద జట్టులో చేరిన మొదటి వారంలోనే ఎడమ పాదంలో ఎముక చిట్లింది. ఆపరేషన్ చేశారు, ఏడు నెలలు కూర్చోబెట్టారు, ఒళ్ళు మళ్ళీ దారికి తెచ్చుకోమని మా దగ్గరికి పంపారు. ఆటకి ఇరవై నిమిషాలకి మించి ఆడకూడదు. ఆట లేనప్పుడు ఎక్కువసేపు నిలబడకూడదు. రోజూ ఎంతసేపు కాళ్ళ మీద ఉన్నాడో నేను రాసిపెట్టాలి.

అమ్మమ్మ పెంచిన పిల్లాడు. అందర్నీ 'మ్యామ్' అనీ 'సర్' అనీ పిలిచేవాడు. గుమ్మాల దగ్గర తల వంచడం ఎంత అలవాటైందంటే, తల తగలని గుమ్మాల దగ్గర కూడా వంచేవాడు. నొప్పిగా ఉందా అని ఎప్పుడడిగినా "బాగానే ఉన్నాను మ్యామ్" అనేవాడు. ఆ మాట నమ్మకూడదని నాకు కాలేజీలోనే చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఫిబ్రవరికి బాగా తేరుకున్నాడు. సోమవారం పెద్ద జట్టు డాక్టర్ వచ్చి పాదం చూస్తాడు. సరేనంటే బుధవారం పెద్ద జట్టు తరఫున ఆట. మనవణ్ణి ఆ యూనిఫారంలో కళ్ళారా చూడాలని అమ్మమ్మ డెబ్భై నాలుగేళ్ళ వయసులో మొదటిసారి విమానం టికెట్ కొనుక్కుంది.

"కిటికీ పక్క సీటు కావాలో వద్దో మూడు రోజులుగా తేల్చుకోలేకపోతోంది మ్యామ్," అని డెల్విన్ మురిసిపోతూ చెప్పేవాడు.

సరిగ్గా ఆ సోమవారానికి ముందు గురువారం నాడు ప్రసాద్ అంకుల్ ఫోన్ చేశారు. ఆయన మా ఊరి తెలుగు సంఘం అధ్యక్షుడు, గుంటూరు మనిషి. ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా మొదట ఆగేది ఆయన కారే. అలాంటివాళ్ళకి కాదని చెప్పడం మహా కష్టం.

"సంధ్యమ్మా, సాటర్‌డే మన స్పోర్ట్స్ ప్రైజ్ డిస్ట్రిబ్యూషన్. క్యారమ్స్, చెస్, త్రోబాల్, బ్యాడ్మింటన్. మీ పొడుగబ్బాయిని చీఫ్ గెస్ట్‌గా తీసుకురామ్మా."

"కుదరదంకుల్. మండే అతనికి మెడికల్ టెస్ట్ ఉంది. ఎక్కువసేపు నిలబడకూడదు."

"నిలబెట్టేదెవరు? స్టేజి మీద పెళ్ళికుర్చీ వేయిస్తాంగా. పదిహేను నిమిషాలు. వచ్చాడా, కూర్చున్నాడా, నాలుగు రకాల మెడల్స్ ఇచ్చాడా, కారెక్కాడా. అంతే."

"అది కాదంకుల్..."

"నిన్ను కూడా స్టేజి మీదకి పిలుస్తాం. మన తెలుగమ్మాయి ఏం చేస్తోందో మనోళ్ళకి తెలియద్దూ?"

డెల్విన్ పడింది శనివారం. నేను గురువారమే పడ్డాను. ఆటగాణ్ణి ఎక్కడికి తీసుకెళ్ళాలన్నా మా హెడ్ ట్రైనర్ హ్యాంక్ అనుమతి తీసుకోవాలి. పదిహేను నిమిషాల పనికి పెద్దాయన్ని కదిలించడమెందుకని ఊరుకున్నాను. డెల్విన్‌ని అడిగితే, "పిల్లలుంటారా? అయితే వస్తాను మ్యామ్," అన్నాడు.

శనివారం రెండు గంటలకి హైస్కూల్ ఆడిటోరియం చేరాం. గుమ్మంలోనే దండ వేయాలన్నారు. అంకుల్ చెయ్యి డెల్విన్ తల మీదికి అందలేదు. ఒక కుర్చీ తెప్పించి దాని మీదికెక్కారు. ముఖ్య అతిథి కోసం వేసిన మొదటి కుర్చీ అలా అధ్యక్షుడి కాళ్ళ కిందికి పోయింది. తరువాత జ్యోతి ప్రజ్వలన. కుంది డెల్విన్ మోకాలి ఎత్తుంది, కొవ్వొత్తి వేలెడంత ఉంది, ఒత్తులు ఐదున్నాయి. తరువాత రెండు దేశాల జాతీయ గీతాలు. అన్నీ నిలబడే.

చివరికి పెళ్ళికుర్చీలో కూర్చోబెట్టారు. మెరూన్ రంగు వెల్వెట్టు, బంగారు చేతులు. డెల్విన్ కూర్చుంటే మోకాళ్ళు చెవుల దగ్గరికొచ్చాయి. అయినా కూర్చున్నాడు కదా అని నేను గుండెల మీద చెయ్యి వేసుకున్నాను.

అప్పుడు ఎవరి నాన్నగారో, తెనాలిలో హెడ్‌మాస్టర్‌గా రిటైరై కొడుకు దగ్గరికొచ్చిన పెద్దాయన, ఆశీర్వదించడానికి మెల్లగా స్టేజి ఎక్కారు. పెద్దవాళ్ళు నిలబడితే కూర్చునే పెంపకం కాదు డెల్విన్‌ది. చటుక్కున లేచి, ఆయన చెయ్యి పట్టుకుని ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. హాలంతా చప్పట్లు. మాస్టారు కూర్చున్నారు. సభ ముగిసేదాకా కూర్చున్నారు.

"చూశారా, ఎంత సంస్కారమో," అన్నాను పక్కనున్న ఆంటీతో, ఆ సంస్కారం నేనే నేర్పినట్టు. అతడి పాదం మాట నాకు తట్టలేదు. ఈ కథలో నవ్వు రానిచోట్లలో ఇది మొదటిది.

ఇక మెడల్స్. అంకుల్ అబద్ధమాడలేదు, నాలుగు రకాలే. కానీ మన సంఘంలో గెలిచిన పిల్లలకి మెడల్ ఇస్తారు, ఓడిన పిల్లలు ఏడవకూడదని వాళ్ళకీ ఇస్తారు, అసలు ఆడని తమ్ముళ్ళు అన్న మెడల్ లాక్కోకూడదని వాళ్ళకీ ఇస్తారు. ప్రతి పిల్లాడి ముందూ డెల్విన్ నడుం విరిగేలా వంగి మెడలో వేయాలి, లేచి ఫోటోకి నవ్వాలి, ఆ తండ్రి ఫోన్ నొక్కడం మరిచిపోయానంటే మళ్ళీ వంగాలి.

మధ్యలో నన్ను పిలిచారు. శాలువా కప్పారు. "కాళ్ళు, మోకాళ్ళ స్పెషలిస్టు, మన సంధ్య," అని మైకులో చెప్పారు. దిగి వచ్చేసరికి, ఆనాడు 'పోన్లే' అన్న అంకుల్ స్వయంగా నా ముందు ప్యాంటు మోకాలి దాకా మడుస్తున్నారు.

"మెట్లు దిగుతుంటే కలుక్కుమంటోందమ్మా. కొంచెం చూడు."

చూశాను. ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక ఇద్దరు ఆంటీలు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు గానీ, మైకులో చెబితే పనికొస్తుంది. జీవితంలో మొదటిసారి మనవాళ్ళు నా కోసం వరస కట్టారు.

"రోజూ ఎక్కువసేపు నిలబడతారా అంకుల్?"

"వంట దగ్గర ఓ గంట నిలబడతానమ్మా."

"అసలు నిలబడకండి. దగ్గర్లో కుర్చీ ఉంటే కూర్చోవాలి. పాదం మీద బరువంతా పడుతుంది."

ఈ సలహా నేను పదకొండు మందికిచ్చాను. నా వెనక పాతిక అడుగుల దూరంలో నా పేషెంట్ నిలబడే ఉన్నాడు. ఊళ్ళో మోకాళ్ళన్నీ చూశాను, చూడమని జీతమిచ్చిన ఒక్క పాదం తప్ప.

తలెత్తేసరికి మెడల్స్ అయిపోయి కుటుంబాల ఫోటోలు నడుస్తున్నాయి. గడియారం చూస్తే నాలుగూ ఇరవై. రెండు గంటల ఇరవై నిమిషాలు. పరుగెత్తాను.

"డెల్విన్, కాలెలా ఉంది?"

రెండు చేతుల్లో ఇద్దరు పసిపిల్లల్ని ఎత్తుకుని ఉన్నాడు. "బాగానే ఉన్నాను మ్యామ్."

కారెక్కగానే ఎడమ బూటు తాళ్ళు వదులు చేసుకున్నాడు. అది చూసి నా ప్రాణం ఉసూరుమంది. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళుంటారు. నేను కాలు వాచాక ఐసు పట్టుకున్నాను, శనివారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా. వాపు తగ్గలేదు.

సోమవారం డాక్టర్ పాదాన్ని నొక్కితే డెల్విన్ పళ్ళు బిగించాడు. బుధవారం ఆట లేదు, నాలుగు వారాలు కదలకూడదన్నాడు డాక్టర్. హ్యాంక్ అరవై దాటిన మనిషి. అరవడు, మెల్లగా అడుగుతాడు, అది ఇంకా భయం.

"వారాంతం ఏం చేశావు?"

డెల్విన్ నా వైపు ఒక్కసారి చూశాడు. "మాల్‌కి వెళ్ళాను సర్. తిరుగుతూ టైం చూసుకోలేదు. తప్పు నాదే."

నోరు తెరవాల్సిన క్షణం అదే. తెరవలేదు. హ్యాంక్ అతణ్ణి బాధ్యత లేనివాడన్నాడు, పెద్ద జట్టు నీ కోసం కాచుకు కూర్చోదన్నాడు. డెల్విన్ తల వంచుకుని విన్నాడు. నేను పక్కన నిలబడి తువ్వాళ్ళు మడతపెట్టాను. మడతపెట్టినవే మళ్ళీ విప్పి మడతపెట్టాను. బయటికొచ్చాక అతడు అమ్మమ్మకి ఫోన్ చేసి, "ఇప్పుడు రావద్దు, మాల్‌లో ఎక్కువ తిరిగాను," అని చెప్పడం కూడా విన్నాను.

బుధవారం సాయంత్రం ట్రైనింగ్ గదిలో ఐసు బకెట్‌లో కాలు పెట్టుకుని, తను ఆడాల్సిన ఆట టీవీలో చూస్తున్నాడు. పక్కన కూర్చున్నాను.

"ఎందుకు అబద్ధం చెప్పావు?"

"మీ ఉద్యోగం పోతే రెండు నెలల్లో దేశం వదిలి వెళ్ళాలట కదా మ్యామ్. ఫోటోలప్పుడు ప్రసాద్ అంకుల్ చెప్పారు. వీసాల గురించి అన్నీ చెప్పారు."

"అయితే?"

"నాకు కాలే వాచింది. మీకు దేశమే పోతుంది."

నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపుతోనే హ్యాంక్ గదికి వెళ్ళి గురువారం నుంచి మొత్తం చెప్పేశాను. హ్యాంక్ అంతా విని సొరుగులోంచి ఒక ఫారం తీసి నా ముందు పెట్టాడు. గాయం ఎలా తగిలిందో అందులో గడులున్నాయి. ఎగిరి దిగినప్పుడు, ఢీకొన్నప్పుడు, మలుపు తిరిగినప్పుడు, ఇతరములు. నేను ఇతరముల దగ్గర టిక్కు పెట్టి, పక్కనున్న గీత మీద ఇంగ్లీషు అక్షరాల్లో 'సన్మానం' అని రాశాను.

హ్యాంక్ కళ్ళజోడు పైకెత్తి చదివాడు, దించి చదివాడు.

"ఇది ఏం ఆట?"

"ఆట కాదు సర్. పెద్దలందరూ కలిసి ఒకరిని గౌరవిస్తారు."

"గౌరవిస్తే కాలు ఇంత వాస్తుందా?"

"మావాళ్ళు బాగా గౌరవించారు సర్."

నా ఉద్యోగం పోలేదు. రెండు నెలలు ఆటగాళ్ళ దగ్గరికి పోనివ్వకుండా ఐసు మోయించాడు, న్యాయమే. డెల్విన్ దగ్గరికి వెళ్ళి, ఆ 'బాధ్యత లేనివాడు' అన్న మాట వెనక్కి తీసుకున్నాడు. కానీ ఆ సీజన్ అతడికి అక్కడితో ఆఖరు. మరుసటి ఏడు ఇంకో ఊరి పెద్ద జట్టు తీసుకుంది, ఇప్పటికీ బాగా ఆడుతున్నాడు. ఈలోగా అమ్మమ్మకి గుండె జబ్బు బయటపడి, విమానం ఎక్కొద్దన్నారు. మనవడి ఆటలన్నీ టీవీలోనే చూస్తోంది. డెల్విన్ పండగలకి నాకు మెసేజ్ పెడతాడు, ఆ సంగతి ఎప్పుడూ ఎత్తడు. ఎత్తితే బాగుండునని నాకుంటుంది.

అందుచేత, బుట్ట సాక్షిగా, బంతి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నా చేతికి అప్పగించిన పేషెంట్‌ని ఏ సంఘం వేదికా ఎక్కించను, ఏ పేరుతోనూ ఎక్కించను. నా గొప్ప నలుగురికీ తెలియడానికి ఇంకొకరి కాళ్ళు వాడను. నా తప్పు ఇంకొకరు నెత్తినేసుకుంటుంటే తువ్వాళ్ళు మడతపెట్టను.

మొన్న ప్రసాద్ అంకుల్ ఫోన్ చేస్తే ఈ ప్రతిజ్ఞ ఆయనకి చదివి వినిపించాను. అంతా శ్రద్ధగా విన్నారు.

"చాలా బాగుందమ్మా. నెక్స్ట్ మంత్ మన మీటింగ్‌లో స్టేజి మీద చదువుతావా? ఆ అబ్బాయి కూడా పక్కనుంటే బాగుంటుంది."

నేను ఫోన్ పెట్టేశాను. పెద్దాయన మాట్లాడుతుండగా ఫోన్ పెట్టేయడం నా జీవితంలో అదే మొదటిసారి.