దాత అని ఎవలను అనాలె

మా ఊరి బడి పంతులు పోయిండు. జరం తగ్గకపోతే బండి కట్టి దేవరకొండ దవాఖానకు తీస్కపోయిండ్రు. మూడోనాడు అదే బండిల పీనుగను తెచ్చిండ్రు. ఎడ్లు బడి ముందటికి రాంగనే వాటంతటవే ఆగినయని ఊరంత ఏడ్సింది. నేను ఏడ్వలె. ఎడ్లు రోజు ఆగే జాగల ఆగినయి, దాంట్ల వింతేమున్నది?

నాకు అచ్చరం రాదు. నేను చెప్తాంటే నా కోడలు రాస్తాంది. నా మాటకు బెల్లం పూసి రాస్తదని నాకు అనుమానం. అందుకే రాసిందంత కుమ్మరాయనతోని మళ్ల చదివిచ్చుకొని వింటున్న. ఇదంత ఎందుకంటే, పంతులు దినాలు కాకముందే దొర ఉండే గడీల నుంచి ఒక మాట బయలెల్లింది. ఇన్నేండ్లు పంతులుకు అన్నం పెట్టింది దొరనేనట. ఆయన అన్నదాతనట. బడి ముందట బండ పాతి ఆ మాట చెక్కిస్తరట. దొర పేరు బండ మీదికెక్కితే బడి గడీదైతది. ఎవల పిల్లలు కూసోవాలె, ఎవలను ఎల్లగొట్టాలె, అంత గడీ చెప్తది. ఉన్నది ఉన్నట్టు చెప్త, చదివెటోళ్లు నిమ్మళంగ చదువుండ్రి.

పంతులు వచ్చిననాడు మాకు బడి లేదు. ఇంటికొక వాసం ఇచ్చి, బోద గడ్డి కప్పితే కొట్టం లేసింది. జీతమిచ్చే తాకతు ఎవలకున్నది? అందుకని వారాలు పంచుకున్నం. సోమారం ఒక ఇల్లు, మంగళారం ఇంకో ఇల్లు, గిట్ల ఒక్కో దినం ఒక్కో ఇంట్ల ఆయనకు బువ్వ. మా గొల్లోళ్లింటికి బేస్తారం, అంటే గురువారం వచ్చింది. ఆయనది మా కులం కాదు, మా ఊరు కాదు. ఊరికెనే వచ్చి పిల్లలకు చదువు చెప్తనంటే నమ్ముతమా? గడీ మనిషో, పోలీసు మనిషో అని ఏడాది పొడుగుత ఆయన మీద కన్నేసి ఉంచిన.

ఇంట్లకు రాంగనే ఆయన చూపు మా జొన్నల గుమ్మి మీదికి పోయేది. ఇంట్ల గింజలెన్నున్నయో గడీకి చేరేస్తడని నేను గుమ్మికి గొంగడి అడ్డం కట్టిన. అయినా చూసేటోడు. గుమ్మి అడుగు కానొచ్చిననాడు "ఇయ్యాల నాకు ఒక్కపొద్దు అవ్వా" అని మంచినీళ్లు తాగి లేచేటోడు. వానలు లేని ఏడు ఒక్కపొద్దులు మరీ ఎక్కువైనయి.

"ఏ దేవునికయ్యా గిన్ని ఒక్కపొద్దులు?" అన్న.

"పేరు చెప్పొద్దన్నడవ్వా" అని నవ్విండు.

పంట ఇంటికొచ్చినంక ఆ దేవుడు మాయమైండు. పంతులు రెండు రొట్టెలు తిని మూడోది అడిగిండు. అప్పుడు సమజైంది నాకు. గొంగడి తీసేసిన. అయితే ఆయనకు చెప్పలె.

పాఠం చెప్పే తీరు వేరే ఉండె ఆయనది. మాటను బట్టీ పట్టనియ్యడు. "వాక్యంల పెట్టి చూపియ్యి, అప్పుడు నీదైతది" అనేటోడు. ఒకనాడు 'దాత' అనే మాట ఇచ్చిండు. నేను కొట్టం బయట గొర్లకు ఆకు కొడుతున్న. మా మనుమడు లేసి "మన దొర దాత" అన్నడు.

"ఏమిచ్చిండు?"

"దసరకు ఊరంత యాట కూర పంచిండు."

"యాట ఎవలది?"

"మాదే. మా మందలకెల్లి గడీ జీతగాడు పట్టుకపోయిండు."

పిల్లలు పక్కున నవ్విండ్రు.

"అయితే ఇచ్చింది మీరేనా?"

"మేమెక్కడ ఇచ్చినం? గుంజుకపోయిండ్రు."

"అయితే ఆ వాక్యంల దాత లేడు. తుడిపెయ్యి. ఎవలది ఇచ్చిండు, ఇచ్చినంక ఏం అడిగిండు, ఈ రెండు చూసినంకనే ఆ మాట వాడాలె."

పిల్లలు పోయినంక లోపటికి పోయి నిలదీసిన. "పంతులూ, గడీల తెలిస్తే దెబ్బలు పోరగాని వీపు మీద పడుతయి."

"తప్పు వాక్యం నేర్పుమంటవా అవ్వా?"

"పానం మీదికి రాని వాక్యం నేర్పు."

"అది నాకు రాదవ్వా."

నా కోడలు గూడ అక్కడనే అచ్చరాలు నేర్సుకున్నది. అదొకనాడు "మా అత్త దాత" అని రాసిందట. దానికేం కావాలని గీ పొగడ్త అని నాకు అనుమానమొచ్చింది. పంతులు అడిగిండట, "ఇచ్చింది మళ్ల అడుగుతదా మీ అత్త?" అని. "రోజు అడుగుతది సారూ" అన్నదట. తుడిపిచ్చిండు. మంచిగనే చేసిండు.

ఒక్కటే నాకు తెలువకపోయేది. శనారం. వారాలు పట్టింది ఆరిండ్లోళ్లం. శనారం ఏడ తింటవంటే "దొరుకుతదవ్వా" అనేటోడు. ఆ పూట గడీ తొవ్వ పట్టుకొని పోతుంటే నా కండ్లతోని చూసిన. అది నా లోపల ముల్లు లెక్క ఉండిపోయింది.

ఇగ మొన్నటి ముచ్చట. బడి ముందట మందిని పిలిపిచ్చిండ్రు. బండ పడుకోబెట్టి ఉన్నది, చెక్కెటాయన ఉలి పట్టుకొని కూసున్నడు. గడీ తరపున పటేలు లేసి, "పంతులుకు మన దొర అన్నదాత. అందరు ఔననుండ్రి" అన్నడు.

"పటేలా, ఏ వారం?" అన్న.

"ఏందవ్వా?"

"గడీల ఏ వారం తిన్నడని అడుగుతున్న. బేస్తారం మా ఇంట్ల తిన్నడు."

"సోమారం మాది" అన్నది కంసాలామె. సాలోళ్ల ముసలామె మంగళారం అన్నది. తతిమ్మోళ్లు గూడ ఎవల వారం వాళ్లు చెప్పిండ్రు. పటేలు వేళ్లు మడుసుకుంట విని, ముసిముసి నవ్విండు.

"మరి శనారం?"

ఏడో వేలు పైకెత్తి చూపిచ్చిండు.

"శనారం గడీల తిన్నడు. కాదనేటోళ్లున్నరా?"

నేను గూడ అట్లనే అనుకుంటి గద.

అందరికన్న ఎనుక, ఎండల, ఊరు ముట్టుకోని గూడెం మనుషులు నిలబడి ఉండిరి. వాళ్లల్ల నుంచి ఒకామె గొంతు లేసింది. "మా ఇంట్ల తిన్నడయ్యా."

గడీ దాటినంక గూడేనికి గూడ అదే తొవ్వ.

పటేలు మొఖం నల్లబడ్డది. "గూడెంల తిన్న చేతితోనే ఊరోళ్ల కంచాలల్ల తిన్నడంటవా? సచ్చినోని ఇజ్జత్ తీస్తవా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. అయినా చెప్పింది. "నేను పిలువలేదయ్యా. ఆయననే వచ్చి అడిగిండు. నాకు ఒక వారం మిగిలింది, పెడ్తవా అక్కా, అని."

పటేలు నా దిక్కు తిరిగిండు. "ఇన్నవా అవ్వా? ఇగ నీ ఇంట్ల కంచం ఏం చేస్తవు?"

"కంచం సంగతి నేను చూసుకుంట. శనారం గూడెంల తిన్నడు. బేస్తారం మా ఇంట్ల తిన్నడు. గడీల ఏ వారం తిన్నడో నువ్వు ఇంక చెప్పలె."

చెక్కెటాయన ఉలి పట్టుకొని "ఏం చెక్కమంటవు పటేలా?" అని అడిగిండు. రెండోసారి గూడ అడిగిండు. ఇగ సామాను మూట కట్టుకొని ఇంటికి పోయిండు.

ఆ దినం నాలుగిండ్లోళ్లు మైల పోవాలని ఇల్లు అలుక్కున్నరు. మా ఇల్లు నేను పండుగకు అలుకుత.

బండ ఇంక అక్కడనే ఉన్నది. ఎవలు లేనప్పుడు వచ్చి చెక్కుకుంటరని నాకు అనుమానం. చెక్కితే చెక్కనీ, నా మాట ముందుగాల కాయితం మీద ఉంటది. ఆ గూడెం ఆమెను దాత అని రాయనా అని కోడలు అడుగుతాంది. "ఆమెను అడిగినవానే?" అన్న. అడగలేదట. అయితే రాయొద్దన్న.

నిన్న శనారం. కొత్త పంతులు ఇంక రాలె. పిల్లలు కొట్టంల వాళ్లంతట వాళ్లే కూసొని చదువుకున్నరు. పొద్దు వాలంగ గూడెంల పంతులు తిన్న ఇంటి మీద పొగ లేసింది, జొన్నరొట్టె కాలుతున్న వాసన మా వాకిట్లకు వచ్చింది. పిల్లలు పలకలు సంకల పెట్టుకొని, గడీ దాటి, అటుదిక్కు నడిసిండ్రు. అండ్ల మా మనుమడు గూడ ఉన్నడు. నేను గుమ్మంలనే నిలబడి చూసిన. వెనుకకు పిలువలె.