రేష్మా పాటకు లీజు పత్రం

2023 నవంబరు. జగ్గయ్యపేట రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా, జిరాక్సు షాపు పక్కనున్న గది నాది. నేను డాక్యుమెంట్ రైటర్‌ని. అమ్మకమైనా, కౌలైనా, పంపకమైనా ఇరుపక్షాలవాళ్ళు చెప్పుకున్నది చట్టానికి సరిపోయే భాషలో రాయడం నా పని. ముప్పై ఏళ్ళుగా ఇదే పని కాబట్టి, కాగితం చూడగానే ఎవరు మునిగిపోతారో చెప్పేయగలనని నాకో పొగరు.

ఆ మధ్యాహ్నం పెనుగంచిప్రోలు ఆటో నడిపే మస్తాన్ తన కూతురు రేష్మాని వెంటబెట్టుకొచ్చాడు. డిగ్రీ అయిపోయిన పిల్ల. ల్యాప్‌టాప్‌లో సంగీతం చేస్తుందట. వాయిద్యాలేవీ ఉండవట. వరికోత మిషన్ రొద, వాళ్ళ నాన్న ఆటో స్టార్టయ్యే చప్పుడు రికార్డు చేసి, ముక్కలు కోసి, తాళంలో పేరుస్తుందట. హైదరాబాదులో ఒక లేబుల్‌కి, అంటే పాటల్ని విడుదల చేసి జనంలోకి తీసుకెళ్ళే కంపెనీకి, అవి నచ్చాయి. పన్నెండు పేజీల ఎగ్రిమెంటు పంపి శుక్రవారంలోగా సంతకం చేయమన్నారు.

"మీరు సరేనంటే పెట్టేసిద్దండి," అన్నాడు మస్తాన్.

సంతకానికి ముందు కాగితాన్ని పైకి చదివి వినిపించడం మా వృత్తిలో ఆనవాయితీ. ఇంగ్లీషుని తెలుగు చేసుకుంటూ చదివాను. మొదటి పేజీలో మూడు ట్రాకులన్నారు. ఏడో పేజీకొచ్చేసరికి, ఇకముందు ఆమె చేయబోయేవన్నీ అన్నారు. గడువు దగ్గర శాశ్వతంగా అని ఉంది.

"ఇది విడుదలకి ఒప్పందం కాదమ్మాయ్, అమ్మకం. సేల్ డీడ్‌లో దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అని రాస్తాం చూడు, అచ్చం అదే. పైగా షెడ్యూలు లేదు."

షెడ్యూలంటే అమ్మే పొలం ఎంతో, నాలుగు దిక్కులా హద్దులేమిటో చెప్పే భాగం. హద్దుల్లేని కాగితాన్ని నేను ముట్టుకోను.

"పెట్టకు. నీ పాటలు నువ్వే ఇంటర్నెట్‌లో పెట్టుకో," అని కాగితాలు పక్కకి తోసేశాను.

రేష్మా ఆ కాగితాలు మళ్ళీ నా ముందుకి జరిపింది. "రెండేళ్ళ నుంచి అదే చేస్తున్నా బాబాయ్. మా ఫ్రెండ్సే వింటారు. వీళ్ళు తీసుకుంటే పెద్ద ప్రోగ్రాముల్లో వేస్తారు, నాలా చేసేవాళ్ళు వింటారు. వద్దని చెప్పడం తేలికేనండి. నన్ను మళ్ళీ ఎవరడుగుతారు?"

నాకు సిగ్గేసింది. పిల్ల ఆశపడి తెచ్చుకున్నదాన్ని ఒక్క మాటతో కొట్టిపారేశాను.

"అయితే అమ్మొద్దు, కౌలుకివ్వు," అన్నాను. ఆ మూడు ట్రాకులే, ఐదేళ్ళకి. తర్వాత హక్కులు మళ్ళీ ఆమెవే. చేయబోయే పాటల ఊసే ఉండకూడదు. మర్నాటికల్లా చిత్తుప్రతి రాసి చేతికిచ్చాను. రేష్మా చదువుతూ తొమ్మిదో క్లాజు దగ్గర ఆగింది. తీసుకున్న ఆస్తిలో ఏ మార్పులూ చేయరాదు, తీసుకున్నది తీసుకున్నట్టే అప్పగించాలి అని ప్రతి లీజులోనూ రాస్తాను. అలవాటు కొద్దీ ఇక్కడా రాసేశాను.

"ఇది తీసేయండి బాబాయ్."

"తీసేస్తే నీ పాటని చిందరవందర చేస్తారు."

"చెయ్యాలండి. దాన్నే రీమిక్స్ అంటారు. నా పాట తీసుకుని ఇంకొకళ్ళు వాళ్ళ పద్ధతిలో మళ్ళీ చేస్తారు. నేను అలా చేసే నేర్చుకున్నా. ఎవరూ ముట్టుకోకపోతే మా సంగీతం అక్కడే ఆగిపోద్ది."

"నీ పేరు ఎగరగొడితే?"

"అది రాయండి. నన్నడిగి చెయ్యాలి, నా పేరు వెయ్యాలి."

నా క్లాజు కొట్టేసిన మనిషి ఇన్నేళ్ళలో లేడు. ఒళ్ళు మండింది. కానీ ఆమె చెప్పింది నిజం. నాకు నేల సంగతి తెలుసుగాని పాట సంగతి తెలియదు. నోరు మూసుకుని ఆమె చెప్తుంటే రాశాను. నందిగామ కోర్టులో ప్రాక్టీసు చేసే వకీలు ఒకాయన దాన్ని ఇంగ్లీషులో సరిచేసి ఇచ్చారు.

శుక్రవారం రేష్మా దాన్ని లేబుల్ వాళ్ళకి మెయిల్ చేసి, నా గదిలోంచే ఫోన్ చేసింది. "మేం అందరికీ ఒకటే ఫార్మాట్ ఇస్తామండి. ఇన్ని మార్పులు ఎవరూ అడగలేదు," అన్నాడు అవతలి మనిషి.

"మీతో చెయ్యాలనుంది కాబట్టే అడుగుతున్నానండి," అంది రేష్మా.

వారం దాటినా జవాబు రాలేదు. రోడ్డు మీద మస్తాన్ నన్ను చూసి తల తిప్పుకునేవాడు. పిల్ల అవకాశం చెడగొట్టానేమోనని నాకు అన్నం సహించలేదు. తొమ్మిదో రోజున ఒప్పుకున్నారు, కాకపోతే ఏడేళ్ళు కావాలన్నారు. ఆరు దగ్గర తెగ్గొడదామన్నాను నేను.

"వదిలేయండి బాబాయ్. వాళ్ళు పని చెయ్యడానికి వాళ్ళకీ టైం కావాలి కదా," అంది.

పాటలు బయటికొచ్చాయి. బెంగుళూరులో ఎవరో ఒకదాన్ని రీమిక్స్ చేసి, ఆమె పేరు ముందేసి తన పేరు తర్వాత వేసుకున్నారు. నేనూ విన్నాను. ఆటో చప్పుడు తప్ప ఏమీ అర్థం కాలేదు గాని, రెండోసారీ విన్నాను.

మొన్న రేష్మా కొత్త ట్రాకుకి ఎగ్రిమెంటు తెచ్చింది. ఈసారి చిత్తు తనే రాసుకుంది, తప్పులుంటే చెప్పమంది. మిరపకాయల తొడిమలు తీస్తూ ముగ్గురు ఆడవాళ్ళు మాట్లాడుకునే మాటల మీద కట్టిన పాటట. గడువు ఉంది, హద్దులున్నాయి. నాలుగో క్లాజులో ఆ ముగ్గురి పేర్లు, వాళ్ళ గొంతులు వాడుకోవడానికి వాళ్ళ ఒప్పుదల, వచ్చేదాంట్లో వాళ్ళకీ వాటా. కింద రెండు సంతకాలు, ఒక వేలిముద్ర.

నేనైతే వాళ్ళని అడగాలని కూడా అనుకునేవాణ్ణి కాదు. దిద్దడానికి తీసిన పెన్ను జేబులో పెట్టేసుకున్నాను. ఇప్పుడు నా గదికి ఎవరు ఏ కాగితం కోసం వచ్చినా, ఇందులో ఇంకా ఎవరున్నారని ముందుగా అడుగుతున్నాను.